తాళం లేని చాకు

"ఒక్క మాట చెప్తే నా కొడుకు ఇంటికొస్తడు. ఆ ఒక్క మాట నీ నోట్ల నుంచి ఎందుకు వస్తలేదో చెప్పు."

పొద్దుటినుంచి అత్త రత్నాబాయి ఈ మాట ఎన్నిసార్లు అందో సపనకు గుర్తులేదు. గది మూల, నీళ్లు పోయే మోరీ దగ్గర గొంతుక్కూర్చుని, మూడు నీళ్లు పోసి కడిగిన బియ్యాన్నే మళ్లీ కడుగుతోంది.

"ఆయనే చెప్పని మాట నేనెట్ల చెప్తా అత్తా?"

"వాడు చెప్పడు. బడిల పక్కపోరడు అద్దం పగలగొడ్తే వీడు దెబ్బలు తినొచ్చిండు. పుట్టుబుద్ధి. శుక్రవారం ఆ చాకు వాని జేబుల లేదని నాకెరుక. ఎవని జేబుల ఉండెనో నీకెరుక. నాలుగింటికి పోలీసు బాయి వస్తది, నీ మాట రాసుకుంటది. ఏం రాపిస్తవు?"

సపన గిన్నె వంచి నీళ్లు పారబోసింది. వేళ్లకు అంటుకున్న గింజలు మోరీలో పడ్డాయి. వాటివంక చూడకుండా లేచింది.

నిన్న సాయంత్రం ఇంటికొచ్చిన పోలీసు సాహెబ్ అరచేతిలో పెట్టి చూపించింది కూడా అంతే ఉంది. చిన్న ప్లాస్టిక్ సంచీలో, బియ్యపు గింజంత ఇనుప ముక్క. ఫాక్‌లాండ్ రోడ్డు మీద పాత ఇనుము దుకాణం నడిపే అనిల్ పక్కటెముకలోంచి డాక్టర్లు తీసిన ముక్క. శుక్రవారం సాయంత్రం అతన్ని ఎవరో పొడిచారు. ఇంకా తెలివి రాలేదు. రెండో సంచీలో సపన భర్త రితేశ్ మడత చాకు, నల్లకర్ర పిడి, రెండు కొసల్లో ఇత్తడి తొడుగులు.

"ఇది నీదేనా?" అన్నాడు సాహెబ్.

"నాదే."

"మొన ఎవరు అరగదీశారు?"

రితేశ్ భార్యవంక ఒక్కసారి చూశాడు. పక్కవాళ్లకు తెలియనంత కొంచెం, తల అడ్డంగా ఊపాడు.

"నేనే" అన్నాడు.

ఆ తర్వాత అతని నోట మాట లేదు. చెప్పులు వేసుకోవడానికైనా ఆగకుండా వాళ్ల వెంట ఠాణాకు పోయాడు. అవి ఇంకా గడప పక్కనే ఉన్నాయి. పొద్దున బాల్‌వాడీకి పోతూ నాలుగేళ్ల ప్రాజక్త వాటిలో కాళ్లు పెట్టి రెండడుగులు నడిచింది. "పప్పా మర్చిపోయిండు" అని నవ్వింది.

మొన అరగదీసింది రితేశ్ కాదు. సపన.

ఆదివారం చాప అంటే ఈ గల్లీలో తెలియనివాళ్లు లేరు. రంపాలకూ కత్తెరలకూ సాన పట్టే శంకర్రావు దుకాణం ముందు వారానికోసారి పొద్దున ఆ చాప పడుతుంది. దానిమీద కూర్చునేది నలుగురు. శంకర్రావు, రితేశ్, సపన తమ్ముడు తుషార్, పాలమూరు నుంచి సెంట్రింగ్ పనికొచ్చిన మల్లయ్య. నలుగురివీ నాలుగు పాత మడత చాకులు. ఎవరి చాకు ఉల్లిగడ్డలు కోసి కోసి నీలం తేలింది, ఎవరిది మామిడి సొనకు మచ్చ పడింది, మిషన్ నూనె మంచిదా కొబ్బరినూనె మంచిదా, ఈ ముచ్చట్లతోనే పదకొండయ్యేది. కళ్లు మూసుకుని కూర్చుని, చాకు మూస్తే వచ్చే టక్కుమనే చప్పుడును బట్టి అది ఎవరిదో చెప్పే పందెం వేసుకునేవాళ్లు. ఓడినవాడు అందరికీ వడాపావ్ తేవాలి. పెళ్లయిన కొత్తలో సపన గదుల ముందరి గ్యాలరీలో నిలబడి చూసి, మీసాలొచ్చిన మొగోళ్లు బొమ్మలాట ఆడుకుంటున్నారని నవ్వుకునేది.

ఆటే అయినా దానికి కట్టుబాట్లున్నాయి. బటన్ నొక్కితే తెరుచుకునే చాకు చాపమీదకు రాకూడదు. కొత్తగా చేరిన చాకును శంకర్రావు తన నోటుబుక్కు మీద తెరిచి పడుకోబెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఇక ప్రతి ఆదివారం ఇద్దరిద్దరు జోడీ కట్టి చాకులు మార్చుకునేవాళ్లు. వారమంతా ఎదుటివాడి చాకు జేబులో పెట్టుకుని తిరిగి, వచ్చే ఆదివారం మూసి చాపమీద పెట్టాలి. చేతికి ఇవ్వకూడదు. తిరిగొచ్చిన చాకును అక్కడే తెరిచి చూసుకోనూకూడదు, స్నేహితుణ్ణి అనుమానించినట్టు. ఏ దెబ్బ తగిలినా, తగిలించినవాడే నోరు తెరిచి చెప్పాలి.

ఈ ఆదివారం కొత్త మార్పిడి జరగకముందే చాప చుట్టేయడంతో, రితేశ్ తిరిగొచ్చిన తన చాకును అట్లాగే తెరవకుండా ఇంటికి తెచ్చాడు. ఫోర్టు ఏరియాలో ఒక ఆఫీసు బిల్డింగులో అతను లిఫ్ట్‌మన్, ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ. వంటగట్టు మీద పెట్టి, "నూనె పెట్టు. నాకంటే నీ చెయ్యి నిదానం" అని వెళ్లిపోయాడు.

తెరిచి చూస్తే కీలు సందులో గోధుమరంగు మురికి గట్టిపడి ఉంది. తుప్పనుకుంది. పాత టూత్‌బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి రుద్దింది. మొన గింజంత విరిగి ఉంది. ఎవడు విరిచిండో చెప్పనన్న చెప్పలే అని తిట్టుకుంటూ, గంటసేపు సానరాయి మీద తిప్పి తిప్పి కొత్త మొన తీసింది. తీసి వెలుతురుకు పట్టి చూసుకుని మురిసిపోయింది కూడా.

తాను కడిగింది నెత్తురని నిన్న సాయంత్రం దాకా ఆమెకు తెలియదు. గల్లీలో చాకులున్నవాళ్లను వెతుకుతూ వచ్చిన పోలీసులు శంకర్రావు నోటుబుక్కులో గీతల మీద పెట్టి చూస్తే, దొరికిన మూడు చాకుల్లో ఆ ఒక్కటే గింజంత పొట్టిగా వచ్చింది. సాహెబ్‌కు అది చాలింది.

ఆమెకు తెలిసిన సంగతి ఇంకొకటుంది. పోయిన వారమంతా ఈ ఇంట్లో ఉన్న చాకు ఏదో ఆమెకు తెలుసు. దాంతోనే రోజూ ప్రాజక్తకు జామపండు కోసి పెట్టింది. పసుపు తేలిన ఎముక పిడి. పిడి మీద సపన తండ్రి పంటిగాటు. గోడలకు రంగులేసే ఆయన, చేతులు ఖాళీ లేనప్పుడు చాకును పళ్లతో పట్టుకునేవాడు. ఆయన పోయాక అది తుషార్‌కు వచ్చింది.

ఆ చాకు ఈ ఇంట్లో ఉందంటే, రితేశ్ చాకు ఎవరి జేబులో ఉందో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

*

ఒంటిగంటకు శంకర్రావు వచ్చాడు. రెండంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ గడప దగ్గర ఆగి, రితేశ్ చెప్పులు చూసి, వాటిని తప్పుకుని లోపలికొచ్చాడు.

"పాలు లేవు, తెస్తనుండు అన్నా" అని రత్నాబాయి కిందికి దిగింది.

ఆమె అడుగుల చప్పుడు మెట్ల మీద తగ్గేదాకా ఆయన మాట్లాడలేదు. పదును చూసే అలవాటు కొద్దీ బొటనవేలు చూపుడువేలి మీద అటూ ఇటూ తిరుగుతోంది.

"నా నోటుబుక్కు తీస్కపోయిండ్రు బిడ్డా. మా నాయిన చాకు గీత కూడా అండ్లనే ఉంది."

"ఆ బుక్కుతోనే కదా మామా ఆయన దొరికిండు."

"అవును. నేను గీసిన గీతనే వాణ్ణి పట్టిచ్చింది." ఆయన గొంతు సవరించుకున్నాడు. "విను. మల్లయ్య తల్లి సచ్చిపోయిందని ఆదివారమే ఊరికి పోయిండు. పోలీసోళ్లు ఆని గురించి రెండుసార్లు అడిగిండ్రు. పోయిన వారం రితేశ్ జోడీ మల్లయ్య అని నేను చెప్తా. తుషార్ చెప్తడు. నువ్వు కూడా ఆ మాటే చెప్పు."

సపన గోడకు ఆనుకుంది.

"పోయిన వారం నా ఇంట్ల ఉన్నది మల్లయ్య కొమ్ము పిడి చాకు కాదు మామా."

"నాకెరుకే."

"ఎరికుండే చెప్తున్నరా?"

 కింద గల్లీలో ఎవరో గ్యాస్ సిలిండర్ దొర్లించుకుపోతున్నారు. శంకర్రావు ఆ చప్పుడు దూరం పోనిచ్చాడు.

"మొగడా, తమ్ముడా అని నిన్ను అడుగుతరు" అన్నాడు చివరకు. "ఆ అడిగేదాకా రానియ్యద్దని నా బాధ. మల్లయ్యది ఈ ఊరు కాదు. వాని కోసం ఇక్కడ ఠాణా మెట్లు ఎక్కేటోడు లేడు. ఊర్ల దొరుకుతడో, దొరకడో. దొరకకపోతే ఇంకా మంచిది, కేసు అట్లనే పడుంటది."

"పోయిన వానకాలం ప్రాజక్తకు జొరం మెదడుకెక్కితే, మోకాటి నీళ్లల్ల దవాఖాన్ల దాకా ఎత్తుకపోయింది ఎవరు మామా?"

"తెలుసు."

"వాణ్ణి చాపమీదకు తెచ్చింది మీరు. అసలు సరుకు పాలమూరు నుంచి వచ్చిందని వాని కొమ్ము చాకును గల్లీల ప్రతి దుకాణానికి తిప్పి చూపిచ్చిండ్రు. వాని తాత గొర్లు కాసిన చాకు అని మీరే అందరికి కథలు చెప్పిండ్రు."

"తెచ్చింది నేనే." శంకర్రావు వేళ్లు ఆగిపోయాయి. "ఇప్పుడు లేపుతున్నది కూడా నేనే. నాకు నిద్ర పడ్తదనుకుంటున్నవా? తుషార్‌కు చాకు పట్టుడు నేర్పింది నేను. రితేశ్‌కు నేర్పింది నేను. ఇద్దర్ల ఎవని ముఖం చూసి పో అనాలె చెప్పు, అంటా."

రత్నాబాయి పాలపొట్లంతో పైకొచ్చింది. ఆయన చాయ్ వద్దని లేచాడు.

"చెప్పిన అక్కా. మల్లయ్య జేబులనే ఉండె. సపన కూడా అదే చెప్తది."

రత్నాబాయి పొట్లం చేతిలో పట్టుకునే నిలబడిపోయింది. ఆయన మెట్లు దిగాక కోడలివైపు తిరిగింది.

"మల్లయ్యనా? ఆ సెంట్రింగోనికి నా ఇంట్ల ఎన్నిసార్లు అన్నం పెట్టిన. వాని కోసమా నువ్వు పొద్దటి నుంచి నోరు కుట్టేసుకున్నది? వాడు నీకు ఏమైతడు?"

"ఏం కాడు."

"మరి?"

సపన కుక్కర్ మూత పెట్టింది. విజిల్ ఎంతకీ రాలేదు. మూత రబ్బరు వెయ్యడమే మరిచిపోయింది.

*

రెండు దాటాక తుషార్ వచ్చాడు. లోపలికి రాలేదు. గ్యాలరీ చివర, నీళ్ల డ్రమ్ముల దగ్గర నిలబడి ఫోన్ కొట్టాడు. రత్నాబాయి తలకు గుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. సపన చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చింది.

పార్సళ్లు పంచే కంపెనీ జాకెట్ వేసుకున్నాడు. ఎండలో కూడా కుడిచెయ్యి జాకెట్ జేబులో ఉంది.

"శంకర్ మామ చెప్పిండా అక్కా?"

"చెప్పిండు."

"మరి అదే చెప్పు. సబ్ ఠీక్ హో జాయేగా. బావ రేపు ఇంట్ల ఉంటడు."

సపన అతని ముఖం చూడటం లేదు. ఆ జేబువంక చూస్తోంది. పెళ్లయిన మొదటి వారంలో రితేశ్ చాకు తెరిచి, మొనను చెక్కపీట మీద ఆనించి నొక్కి చూపించాడు. పదునున్న అలుగు ఒక్కసారిగా వెనక్కి మడుచుకుంది. "చూసినవా, దీనికి తాళం లేదు. స్ప్రింగ్ ఒక్కటే పట్టుకుంటది. పండు కొయ్యి, తాడు కొయ్యి, ఏం కాదు. ఎవన్నన్న పొడవాలని చూస్తే మాత్రం మడిసి నీ వేళ్లే కోస్తది. అందుకే ఇది మంచోళ్ల చాకు" అని నవ్వాడు.

"చెయ్యి చూపియ్యి" అంది సపన.

"ఏం చెయ్యి?"

"జేబుల ఉన్న చెయ్యి."

"బండి అద్దం పగిలి గీసుకుంది. చెప్పిన కదా ఆదివారం."

"నాకు చెప్పలే. వాళ్లకు చెప్పినవేమో. చూపియ్యి తుషార్."

అతను చెయ్యి తీశాడు. నాలుగు వేళ్లనూ కలిపి కట్టిన కట్టు, అంచులు మురికిపట్టింది. సపన దాన్ని పట్టుకుని కొస విప్పింది. తుషార్ పళ్లు బిగించాడు కానీ చెయ్యి లాక్కోలేదు. నాలుగు వేళ్ల లోపలివైపు, రూలర్ పెట్టి గీసినట్టు ఒకే గాటు.

ఆమె మళ్లీ కట్టు చుట్టింది. చిన్నప్పుడు వాడి మోకాళ్లకు కట్టినట్టే, కొసను లోపలికి దోపి కట్టింది. తల్లి పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. వాడికి వండిపెట్టేందుకు సపన ఎనిమిదో తరగతిలో బడి మానేసింది.

"ఎందుకురా?"

"దుకాణం ముందర బండి పెట్టినందుకు." తుషార్ డ్రమ్ము మూతవంక చూస్తూ చెప్పాడు. "రెండే నిమిషాలక్కా. అంతే. చెంప మీద కొట్టిండు. దుకాణం లోపటికి గుంజి ఇంకోటి కొట్టిండు. అండ్ల మేమిద్దరమే. జేబుల చెయ్యి పెట్టిన. చూపిచ్చి బెదిరియ్యాలనే తీసిన. వాడు మీదికి వచ్చిండు. తర్వాత నాకు నా చేతి నొప్పే యాదికున్నది."

"మూసి చాపమీద పెట్టినవు."

"కడిగిన. సందులల్ల పోలే."

"సందులల్ల నేను తీసిన. బ్రష్‌తోని."

తుషార్ తలెత్తి చూశాడు.  

"బావకు ఆదివారమే చెప్దామనుకున్న" అన్నాడు. "శంకర్ మామ నా కట్టు చూసిండు. కట్టునే చూసుకుంట చానసేపు కూసున్నడు. ఏం అడగలే. జల్ది చాప చుట్టేసిండు."

"నువ్వే పోయి చెప్పు. నీ అంతట నువ్వు. నేను కూడా వస్తా."

"అనిల్‌కు తెలివి రానియ్యి అక్కా. వాడు బతికితే పోయి చెప్తా. నీ మీద ఒట్టు."

"బతకకపోతే?"

తుషార్ కట్టు కట్టిన చేతిని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"బతకకపోతే నా మొగడు చెప్పాల్నా? మల్లయ్య చెప్పాల్నా? ఎవడు చెప్పాలె తుషార్?"

అతను ఎడమచేత్తో కళ్లు తుడుచుకుని ఫోన్‌లో టైమ్ చూసుకున్నాడు. "ప్రాజక్తను తీస్కొస్తా. మూడున్నరకు విడుస్తరు."

"ఇయ్యాల నేను పోత."

"రోజూ నేనే కదా తెచ్చేది. నేను పోకపోతే ఏడుస్తది." అప్పటికే రెండు మెట్లు దిగాడు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, "అక్కా, నీ చేతులనే ఉంది" అన్నాడు.

సపన కటకటాలు పట్టుకుని నిలబడిపోయింది. వాణ్ణి ఆపాలని గొంతుదాకా వచ్చింది. తన బిడ్డను తన తమ్ముడి చేతిలో నుంచి లాక్కోవాలన్న ఆలోచన వచ్చినందుకు తనను తానే తిట్టుకుంది. ఆలోపే బండి చప్పుడు గల్లీ మలుపు తిరిగింది.

*

మూడున్నర దాటింది. తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

గుండు చేయించుకున్న తల. భుజాన సంచీ. సపన ఒక్క క్షణం ఎవరో పోల్చుకోలేదు.

"నేనక్కా, మల్లయ్యను. సక్కగ బస్సు దిగి ఈడికే వస్తున్న."

లోపల మంచం కిర్రుమంది. రత్నాబాయి లేచి కూర్చుంది.

మల్లయ్య వంగి, జేబులోంచి కొమ్ము పిడి చాకు తీసి, మూసినదాన్ని గడప మీద పెట్టాడు. రితేశ్ చెప్పుల పక్కన.

"ఈ వారం నాకు రితేశన్న జోడీ గద. ఆదివారం చాప మీద కూసునుంటెనే అవ్వ పోయిందని ఫోనొస్తే మార్చుకోకుండనే ఉరికితి. అందుకే ఇంటికే తెచ్చిన. అన్న ఫోను ఎత్తుతలేడు." సంచీలోంచి గుడ్డమూట తీశాడు. "సీతాఫలాలు. పాపకు. మెత్తబడ్డయి, ఇయ్యాలనే తినాలె."

"రా నాయనా" అంది రత్నాబాయి. ఆ గొంతులో అంత తీపి ఎప్పుడూ వినలేదు సపన. "లోపటికి రా. తల్లి పోయినోనివి, గడపల నిలబడ్తవా. కూసో. చాయ్ పెడ్తా."

మల్లయ్య గోడవారగా కూర్చోగానే ఆమె తలుపు దగ్గరగా వేసింది. గొళ్లెం పెట్టింది. వంటగట్టు దగ్గరికొచ్చి సపన చెవిలో, "దేవుడే పంపిండు. బాయి వచ్చేదాకా కదలనియ్యద్దు" అంది.

"అత్తా, వాడు కాదు."

"శంకరన్న చెప్పినంక కూడా నువ్వు..."

"వాడు కాదత్తా."

రత్నాబాయి ఆమె మణికట్టు పట్టుకుంది. ముసలివేళ్లు ఎముకకు దిగాయి. "నాకు ఒక్కడే కొడుకు" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

మల్లయ్య ఇటు చూడటం లేదు. "ఆఖరికి నోట్ల నీళ్లు పోసెతందుకు కూడా అందలేదక్కా" అంటున్నాడు తనలో తాను చెప్పుకుంటున్నట్టు. "నేను పొయ్యేవరకు మంచం మీదకెళ్లి దించిండ్రు." తర్వాత గడపవైపు చూశాడు. "అన్న చెప్పులు ఈడనే ఉన్నయి. డ్యూటీకి పోలేదా?"

 రత్నాబాయి చాయ్ గ్లాసు తెచ్చి ఇచ్చింది. బాగా కాలుతోందేమో, మల్లయ్య దాన్ని రెండు చేతుల వేళ్ల మధ్య తిప్పుతూ పట్టుకున్నాడు. సిమెంటుకు పగిలిన వేళ్లు. గోళ్ల చుట్టూ తెల్లటి పొక్కులు. సపన ఒక్కొక్క వేలినీ చూసింది. ఒక్క గాటు లేదు.

తలుపు మీద లాఠీతో మూడుసార్లు కొట్టిన చప్పుడైంది.

రత్నాబాయే గొళ్లెం తీసింది. వచ్చిన కానిస్టేబుల్ నలభై దాటిన మనిషి, చంకలో ఫైలు, వెనకాల గ్యాలరీలో ఇంకో పోలీసు. "ఇతనే" అంది రత్నాబాయి హిందీలో, మల్లయ్యను చూపిస్తూ. "మీరు అడిగినతను ఇతనే. చాకు ఇతని దగ్గరే ఉండింది."

మల్లయ్య గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. పోలీసులవంక చూడలేదు. సపనవంక చూశాడు.

"ఏందక్కా?"

కానిస్టేబుల్ ఫైలు తెరిచి పెన్ను మూత తీసింది. "నేను అడుగుతున్నది ఈమెను. చెప్పమ్మా. శుక్రవారం నీ భర్త చాకు ఎవరి దగ్గర ఉంది?"

అత్త చూపు ఒకవైపు, మల్లయ్య చూపు ఒకవైపు. సపన గడప దగ్గరికి నడిచింది. వంగి కొమ్ము పిడి చాకు తీసింది.

"కింద పెట్టు" అంది కానిస్టేబుల్.

"పెడ్తా మేడం. ఒక్కసారి చూడండి." హిందీలో మాటలు తడుముకుంటూ, గోటితో గాడి పట్టి అలుగు తెరిచింది. మొనను గడప చెక్క మీద ఆనించి నొక్కింది. అలుగు వెనక్కి మడుచుకుపోయి టక్కుమని మూసుకుంది. ముందే వేళ్లు తప్పించింది కాబట్టి సరిపోయింది. "దీనికి తాళం లేదు. మా ఆయనదీ ఇట్లాంటిదే. నాలుగూ ఇట్లాంటివే. దీంతో పొడిస్తే పొడిచినోళ్ల వేళ్లు తెగుతాయి. ఠాణాలో మా ఆయన చేతులు చూడండి. ఇతని చేతులు చూడండి."

కానిస్టేబుల్ పెన్ను కాగితం మీద పెట్టలేదు.

"ఇంకోటి. మొన తీసింది మా ఆయన కాదు, నేను. విరిగిందని తీర్చాను. మురికి అనుకుని కడిగాను. నెత్తురని నాకు తెలియదు. అది నా పేరు మీద రాసుకోండి."

రత్నాబాయి నోరు కొంచెం తెరుచుకుంది. ఆమె చూపు మల్లయ్య వేళ్ల మీదికి పోయింది, అక్కణ్ణుంచి కోడలి ముఖం మీదికి వచ్చి అక్కడే ఆగింది. ఏదో కూడదీసుకుంటున్నట్టు కనుబొమలు ముడిపడ్డాయి.

"సరే" అంది కానిస్టేబుల్ నెమ్మదిగా. "మరి ఎవరి వేళ్లు తెగాయో అది కూడా నీకు తెలుసు కదా."

సపన చాకును మళ్లీ చెప్పుల పక్కన పెట్టింది. పెట్టిన చెయ్యి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

మెట్ల మీద నవ్వు వినిపించింది. ప్రాజక్త నవ్వు. బాల్‌వాడీలో నేర్పిన మరాఠీ అంకెలను తప్పుల తడకగా మెట్టు మెట్టుకూ ఒకటి లెక్కపెడుతోంది. వెంట తుషార్ గొంతు, తప్పిన అంకెను సరిచేస్తూ.

గ్యాలరీలో పోలీసును చూసి ఆ గొంతు ఆగిపోయింది. కానీ అప్పటికే గడప దగ్గరికి వచ్చేశాడు. పిల్ల అతని నడుము మీద ఉంది. ఆమె స్కూలు గౌను చుట్టూ అతని కుడిచెయ్యి.

అతను పిల్లను దించబోయాడు. ప్రాజక్త దిగనంది. కట్టు కట్టిన ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, అందరి ముందూ తల్లివైపు చాపింది.

"మమ్మీ, మామాకు నొప్పి అయితుందంట" అంది. "నువ్వు ఊదు."